మూడు చుక్కలు

పెద్దాయన సైకిలు తొక్కుకుంటూ రాలేదు, నడిపించుకుంటూ వచ్చాడు. భవానీనగర్‌లో బయలుదేరి, దారిలో రెండు సైకిలు షాపులు దాటి, కొర్లగుంటలో ఈ మూడో షాపు ముందు స్టాండు వేశాడు. 2024 మే నెల. తొమ్మిది గంటలకే రోడ్డు కాలుతోంది.

"పెడలు తిరగడంలా నాయనా. చూస్తావా?"

మేస్త్రికి యాభై ఏళ్ళుంటాయి. షాపులో ఆయనా, పని నేర్చుకునే కుర్రవాడూ, ఒక బెంచి వైసూ. పైన మేస్త్రి పేరుతో బోర్డు. లోపల గోడకు ఇంకో పలక: "అరువు లేదు."

ఆ పలకకు ఒక కథ ఉంది. మేస్త్రి ఇరవై ఏళ్ళ వయసులో లీలామహల్ దగ్గర వేపచెట్టు కింద బండ్లు బాగుచేసేవాడు. ఎవరో గుమాస్తా బండి మొత్తం విప్పించి చేయించుకుని, జీతం రాగానే ఇస్తానన్నాడట. మర్నాటికి ఊళ్ళో లేడట. బాకీ మూడు వందల చిల్లర అని మొదట్లో చెప్పేవాడు. కొన్నేళ్ళకు అది అయిదు వందలైంది. ఈ మధ్య ఎనిమిది వందల దగ్గర నిలబడింది. కొర్లగుంటలో పంక్చరు వేయించుకున్నవాడెవడూ ఆ కథ వినకుండా పోలేదు.

మేస్త్రి బండి చుట్టూ ఒకసారి తిరిగాడు. పైన ఎవరో కొట్టించిన ఆకుపచ్చ రంగు. ముందు గొట్టం మీద కొంగ తల బిళ్ళ. పళ్ళ చక్రంలో కూడా మూడు కొంగ తలలు.

"రాలీనా సామీ?"

"నాటింగ్‌హామ్‌ది. మా నాయన 1948లో మద్రాసులో కొన్నాడు. మనవడు తొక్కుతానంటా ఉండాడు."

"ఇట్లాంటి ఇనుము ఇప్పుడు యాడ దొరుకుతుంది! సెంటర్ యాక్సిల్ పట్టేసుంటాది. విప్పి, కడిగి, కొత్త గుండ్లు వేస్తా. మూడు వందలియ్యండి."

పెద్దాయన సరేనన్నాడు. ఇంటికి పోయి సాయంత్రం రమ్మంటే మాత్రం వినలేదు. స్టూలు లాక్కుని నీడలో కూర్చున్నాడు. లావుపాటి అద్దాలు. కంట్లో శుక్లాలున్నాయట. "చెవులు మాత్రం దేవుడి దయ వల్ల బాగుండాయి" అన్నాడు.

పని మొదలైంది. మొదట కాటర్ పిన్నులు. రెండింట్లో ఒకటి తల పుట్టగొడుగులా విచ్చుకుని ఉంది.

"చూసినారా సామీ? సుత్తితో బాదినాడు. పిన్ను ఆకురాయితో రవ్వంత అరగదీస్తే అదే దిగుతుంది. ఆ ఓపిక గూడా లేదు పనికిమాలినోడికి."

"ఎవరికి?" అన్నాడు పెద్దాయన.

"ఇంతకు ముందు ఈ బండి చేసినోడికి."

ముందు చేసినవాణ్ణి తిట్టకుండా పని మొదలుపెట్టే మేస్త్రి సైకిళ్ళలోనే కాదు, ఏ పనిలోనూ కనబడడు. పెద్దాయన మారు మాట్లాడలేదు.

క్రాంకులు ఊడాయి. ఎడమ పక్క కప్పు పెద్ద పేచీ లేకుండా వచ్చింది. యాక్సిల్ బయటికి లాగితే గుండ్లు జిడ్డుతో కలిసి గిన్నెలో పడ్డాయి. పావు అంగుళం గుండ్లు. పక్కకు పదకొండు ఉండాలి. కుర్రవాడు కిరసనాయిల్లో కడిగి లెక్కపెట్టాడు. ఎడమ పక్కవి పదకొండు. చైను పక్కవి పది.

"ఇంకోసారి లెక్క పెట్టరా."

"పదే అన్నా."

"పదకొండోది వానబ్బ మింగినాడా? దొంగనాయాలు. ఒక గుండుకు కూడా కక్కుర్తి పడినాడు."

మిగిలింది చైను పక్క కప్పు. మేస్త్రి టీ తాగేలోగా విప్పి పెట్టమని కుర్రవాడికి అప్పజెప్పాడు. వాడు పానా తగిలించి, పానాకు గొట్టం తొడిగి, బలమంతా పెట్టి ఎడమకు లాగాడు. మేస్త్రి గ్లాసు కింద పెట్టి వచ్చి వాడి మెడ మీద ఒకటి వేశాడు.

"విప్పడంలా నువ్వు, బిగిస్తా ఉండావు. ఈ పక్క రివర్సు త్రెడ్డు. కుడికి తిప్పల్ల."

ఆ సంగతి తెలియకే ఎన్నో పాత ఫ్రేములు పాతసామాన్ల కొట్టుకు పోతాయి. తొక్కేటప్పుడు లోపల గుండ్లు దొర్లుతూ కప్పును కొద్ది కొద్దిగా ఎదురు దిక్కుకు జరుపుతాయి. చైను పక్క మామూలు త్రెడ్డు పెడితే తొక్కే కొద్దీ వదులవుతుంది. అందుకని ఇంగ్లండు వాళ్ళు ఆ ఒక్క పక్క తిరగేసి కోశారు. మన ఊళ్ళకు వచ్చిన రాలీలన్నీ అలాంటివే. మేస్త్రి ఇవన్నీ చెప్పలేదు. "గుండ్లు తిప్పుతాయిరా" అన్నాడంతే.

కుడికి తిప్పినా కప్పు కదల్లేదు. మేస్త్రి తిప్పినా కదల్లేదు. గుడ్డతో అంచు తుడిచి చూస్తే, పానా పట్టే పలకల మీద వరసగా ఉలి దెబ్బలు.

"ఉలి పెట్టి కొట్టినాడు సామీ! కప్పుకు ఉలి పెడతారా ఎవురన్నా? వాని చేతులు పడిపోను."

పెద్దాయన కళ్ళద్దాలు తీసి పంచె అంచుతో తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు.

కప్పు చుట్టూ కిరసనాయిలు పోసి ఫ్రేమును పక్కకు వాల్చారు. అది లోపలికి ఇంకేదాకా చేసే పని లేదు. కుర్రవాడు ఇంకో బండికి ప్యాచీ వేస్తున్నాడు. మేస్త్రి బీడీ ముట్టించి, ఇప్పటి పనివాళ్ళ గురించి ఎత్తుకున్నాడు. సైకిళ్ళు చేసే కంపెనీలకే దిక్కు లేదన్నాడు. అట్లాస్ వాళ్ళు 2020లో సాహిబాబాద్ ఫ్యాక్టరీ మూసేసింది జూన్ 3న, సరిగ్గా ప్రపంచ సైకిల్ దినం నాడు. ఆ పేపరు ముక్క ఆయన దాచుకున్నాడు. చూపించాడు కూడా.

"బండ్లు పోతా ఉండాయంటే ఊరికే పోలేదు సామీ. పని చెడగొట్టేవాళ్ళు ఎక్కువైనారు. నా సంగతి చెప్తా చూడండి. నా చెయ్యి పడిన బండి ఏదైనా సరే, యాక్సిల్ గొట్టం అడుగున పంచి పెట్టి మూడు చుక్కలు కొడతా. ముక్కోణంగా. ఎవురన్నా రేపు తిరగేసి చూస్తే ఇది ఫలానా వాని పని అని తెలియల్ల. గుర్తు పెట్టుకోను సిగ్గుపడే పని చెయ్యగూడదు. ఏమంటారు?"

"మంచి అలవాటు" అన్నాడు పెద్దాయన. కాసేపాగి, "ఎప్పటి నుంచి?" అని అడిగాడు.

"పని నేర్చుకున్న రోజు నుంచి."

పెద్దాయన తల ఊపాడు.

మధ్యాహ్నం రెండింటికి మళ్ళీ పట్టారు. కిరసనాయిలు పని చెయ్యలేదు. మేస్త్రి బ్లో ల్యాంపు వెలిగించాడు. రంగు కాలిపోతుందని ముందే చెప్పాడు. పోతే పోనీమన్నాడు పెద్దాయన. గొట్టం చుట్టూ మంట తిప్పుతుంటే ఆకుపచ్చ రంగు బుడగలు కట్టి పెచ్చులుగా రాలింది. దాని కింద నల్ల రంగు.

అప్పుడు మేస్త్రి తనకు తెలిసిన ఆఖరి ఉపాయం తీశాడు. పానాతో కప్పును తిప్పడం మానేసి, ఫ్రేమును అడ్డంగా పడుకోబెట్టి, ఉలి దెబ్బలు పోను మిగిలిన పలకల్ని వైసులో బిగించాడు. కప్పు కదలకుండా ఉంటుంది. తిరగవలసింది బండే. ముందు గొట్టం దగ్గర మేస్త్రి, వెనక ఫోర్కు దగ్గర కుర్రవాడు. ఇద్దరూ గానుగకు కట్టిన ఎద్దుల్లాగా ఫ్రేమును పట్టుకుని బెంచీ చుట్టూ తొయ్యడం మొదలుపెట్టారు. బెంచీ కాళ్ళు నేల మీద జరిగాయి. పెద్దాయన లేచి వచ్చి ఒక చేత్తో బెంచీ పట్టుకున్నాడు.

టప్ మని శబ్దం వచ్చింది. ఫ్రేము ఒక జానెడు తిరిగింది. తర్వాత పావు చుట్టు. తర్వాత కప్పు కీచుమంటూ, ఇనుప రజను రాల్చుకుంటూ బయటికి వచ్చింది.

మేస్త్రి దాన్ని వెలుతురులో పెట్టి చూశాడు. పాత సామాన్ల డబ్బా బోర్లించి, అందులో నుంచి అసలు రాలీ కప్పు ఒకటి ఏరి, రెంటి పళ్ళూ ఒకదానికొకటి ఆనించాడు. రెండు పళ్ళు కలిశాయి. మూడోది కలవలేదు.

"ఇదీ సంగతి!"

రాలీ వాళ్ళు అంగుళానికి 26 చుట్లు కోసేవాళ్ళు. మిగతా కంపెనీల కప్పులకు 24. బజారు కప్పు తెచ్చి రాలీ గొట్టంలో పెడితే రెండు చుట్లు నెమ్మదిగానే దిగుతుంది. అక్కడ పట్టేస్తుంది. పట్టేసిందంటే వేరే కప్పు వెతుక్కోవాలి. ముందు చేసినవాడు వెతుక్కోలేదు. ఉలి పెట్టి కొట్టి దించాడు.

మేస్త్రికి ఆవేశం ఆగలేదు. కప్పును పెద్దాయన ముఖం ముందు పెట్టాడు.

"ఇది పని కాదు సామీ, హత్య. వాడు యాడన్నా కనబడితే ఈ వైసులోనే తల పెట్టి బిగిస్తా. వాని వంశంలో ఇంకెవురూ పానా పట్టగూడదు. మూడు వందల పని వాని పుణ్యమా అని అయిదు వందలైంది. ఆ రెండు వందలు మీరు వాని తప్పుకు కడతా ఉండారు. న్యాయంగా వాని దగ్గర వసూలు చెయ్యల్ల."

"సరే, అయిదు వందలే తీసుకో" అన్నాడు పెద్దాయన.

గొట్టం వేడికి ఎక్కడైనా నెర్రె ఇచ్చిందేమో చూడమని మేస్త్రి కుర్రవాడికి చెప్పాడు. వాడు ఫ్రేమును తిరగేసి, అడుగున గట్టిపడిన మట్టీ జిడ్డూ బ్లేడుతో గీకాడు. మిగిలిన రంగు పెచ్చులు కూడా గీకాడు. కిరసనాయిలు గుడ్డతో తుడిచాడు.

"అన్నా" అన్నాడు.

ఆ పిలుపు మామూలుగా లేదు. మేస్త్రి వంగి చూశాడు.

మూడు చుక్కలు. ముక్కోణంగా ఉన్నాయి. కింద రెండూ సమంగా పడ్డాయి. పైది మాత్రం ఒక వెంట్రుకవాసి కుడికి జరిగి, గుండ్రంగా కాకుండా బియ్యపు గింజలా కొద్దిగా సాగి ఉంది. మేస్త్రి పంచి మొన మొదటి నుంచీ కొంచెం వంకర. సానపట్టిస్తే పోతుంది. అదే తన గుర్తని పట్టించలేదు. షాపు బయట ఆ పూట ఆగి ఉన్న నాలుగు బండ్లను తిరగేసినా నాలుగింటికీ అదే బియ్యపు గింజ కనబడుతుంది.

మేస్త్రి బొటనవేలితో మూడు చుక్కల్నీ ఒకసారి తడిమాడు. కుర్రవాడు ఆయన ముఖం చూస్తున్నాడు. మేస్త్రి పక్కనున్న డబ్బాలో వేలు ముంచి గ్రీజు తీసి, మూడు చుక్కల మీదా పూడ్చినట్టు పులిమాడు.

"నిలబడి చూస్తావేంరా? పొయ్యి గుండ్లు తీసుకురా."

తర్వాత పని చకచకా సాగింది. రాలీ కప్పు మిగిలిన మంచి త్రెడ్డులో చేతి బలానికే దిగింది. పక్కకు పదకొండు గుండ్లు పేర్చారు. కొత్త కాటర్ పిన్నులు ఆకురాయి మీద అరగదీసి మరీ వేశారు. గంటన్నర సేపు షాపులో వైసు చప్పుడు, పానా చప్పుడు తప్ప ఇంకేమీ వినబడలేదు.

"ఏం నాయనా, సద్దు లేకుండా ఉండావు?" అన్నాడు స్టూలు మీద నుంచి పెద్దాయన.

"అయిపోవచ్చింది సామీ."

చైను తొడిగే ముందు మేస్త్రి పెడలు మీద ఒక తట్టు తట్టాడు. క్రాంకు చప్పుడు లేకుండా అయిదారు చుట్లు తిరిగి, ఊగి, నిలబడింది. కుర్రవాడు అలవాటు ప్రకారం పంచీ సుత్తీ తెచ్చాడు.

"వద్దులేరా" అన్నాడు మేస్త్రి.

పెద్దాయన అయిదు వంద నోట్లు వేళ్ళతో తడిమి లెక్కపెట్టి ఇచ్చాడు. మేస్త్రి కళ్ళకద్దుకుని జేబులో పెట్టుకున్నాడు.

"ఒక మాట నాయనా. పొద్దుటి నుంచి తిట్టినావే, ఆ పని చేసినాయన ఎవరో ఆనవాలు ఏమన్నా తెలిసిందా?"

కుర్రవాడు పానాలు సర్దడం ఆపాడు.

"తెలిసింది సామీ" అన్నాడు మేస్త్రి. "లీలామహల్ కాడ చెట్టు కింద ఉండేవాడు ఒకడు. వానిదే ఈ పని."

"ఇప్పుడు యాడుంటాడు?"

మేస్త్రి చేతులు తుడుచుకున్నాడు. తుడిచిన చేతుల్నే మళ్ళీ తుడుచుకున్నాడు.

"లేడు సామీ. పోయినాడు. పదేండ్లయింది."

"పోయినాడా" అన్నాడు పెద్దాయన. స్టూలు మీద మళ్ళీ కూర్చున్నాడు. చేతిసంచీలో నుంచి పసుపు గుడ్డ మూట ఒకటి తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

"1994లో ఈ బండి ఆయనే చేసినాడు. అన్నీ విప్పి, రిమ్ములు మార్చి, టైర్లు వేసి 340 రూపాయలన్నాడు. నెలాఖరు. నా దగ్గర లేదు. జీతం వచ్చినాక ఇద్దువులే సామీ అన్నాడు. మీసం గూడా సరిగ్గా రాలేదు అప్పటికి, ఎంత పెద్ద మనసో చూడు. మర్నాడే నాకు మదనపల్లెకు బదిలీ అయింది. మూడు నెలలకు వచ్చి చూస్తే ఆడ చెట్టూ లేదు, ఆయనా లేడు. వచ్చినప్పుడల్లా వెతికినా. ఇప్పుడు ఆ తావంతా శ్రీనివాస సేతు కింద కలిసిపోయింది."

మేస్త్రి ఏమీ అనలేదు.

"నువ్వు చెప్పినట్టు తప్పుడు పనే చేసినాడేమో. నాకు తెలీదు. కానీ ఆ తర్వాత పదేండ్లు తొక్కినా నాయనా. ఒక్క రోజు దారిలో నిలబెట్టలా."

మూట విప్పాడు. రబ్బరు బ్యాండు వేసిన అయిదు వందల నోట్లు. పైన కొంత చిల్లర.

"సొసైటీలో లెక్కలు రాసినోణ్ణి. ఉట్టి అసలు ఇస్తే నాకు నిద్ర పట్టదు. నూటికి ఏడాదికి పన్నెండు లెక్కన ప్రతి ఉగాదికీ చక్రవడ్డీ కట్టుకుంటా వచ్చినా. ముప్పై యేండ్లకు 10,186. కొండ మీద స్వామే కుబేరుడికి కడతా ఉండాడు వడ్డీ, నాకేం నామోషీ?"

మేస్త్రి చూపు నోట్ల మీద నుంచి గోడ మీది పలక మీదికి పోయింది. అక్కడి నుంచి మళ్ళీ నోట్ల మీదికి వచ్చింది.

"సామీ" అన్నాడు. గొంతు సవరించుకున్నాడు. "వాని ఇంటోళ్ళు ఉండారు. నాకు బాగా తెలిసినోళ్ళే. నా చేతికిస్తే..."

"వద్దు నాయనా. పని చేసిన చేతికే కూలి ఇయ్యల్ల. ఆ చెయ్యే లేనప్పుడు ఇంక హుండీనే." పెద్దాయన మూట ముడి వేశాడు. రెండో ముడి కూడా వేశాడు. "రేపు మునిమనవడికి పుట్టెంట్రుకలు, కొండకు పోతా ఉండాం. ఆయన పేరేందో చెప్పు. ఆయన పేరు చెప్పి వేస్తా. పుణ్యమన్నా చేరుతుంది."

కుర్రవాడు తలెత్తి షాపు బోర్డు వైపు చూశాడు.

"పేరు తెలీదు సామీ" అన్నాడు మేస్త్రి.

పెద్దాయన మూట సంచీలో పెట్టుకుని లేచాడు. సైకిలు స్టాండు తీశాడు. ఖాళీ పెడలు ఒకసారి వెనక్కి తిప్పి, అది చప్పుడు చెయ్యకుండా తిరగడం విన్నాడు.

"పర్వాలేదులే నాయనా. స్వామికి తెలుసు గదా ఎవరనేది."